తెర మీది పట్టీ మారితే ప్రేక్షకుడికి కోపమెందుకు

2005 మే నెలలో బీబీసీ తన వాతావరణ పటాన్ని మార్చింది. అప్పటిదాకా ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ మీద గీసిన చదునైన పటం, దాని మీద మబ్బు, సూర్యుడు, వాన చుక్కల బొమ్మలు ఉండేవి. వాటి స్థానంలో త్రీడీ పటం వచ్చింది. దక్షిణ దిక్కున ఆకాశంలో నిలబడి బ్రిటన్‌ను చూస్తున్నట్టు నేల వాలుగా పరుచుకుని ఉండేది. కెమెరా దాని మీదుగా ఎగురుతూ పోయేది. నేలకు మట్టి రంగు వేశారు. వేలల్లో ఫిర్యాదులు వచ్చాయి. రంగు బాలేదన్నారు, కెమెరా కదులుతుంటే కళ్లు తిరుగుతున్నాయన్నారు, పాత మబ్బులే నయమన్నారు. అన్నిటికన్నా గట్టిగా వినిపించింది స్కాట్లండ్ వాళ్ల మాట. ఇంగ్లండ్ దక్షిణ భాగం దగ్గరగా, పెద్దగా కనబడుతోందని, తమ నేల మాత్రం దూరంగా కుంచించుకుపోయిందని వాళ్లు అభ్యంతరం చెప్పారు. కొద్ది రోజుల్లోనే బీబీసీ పటం వాలును సరిచేసి స్కాట్లండ్ పెద్దగా కనబడేలా చేసింది.

ఈ ఫిర్యాదులన్నిటినీ ఒకే గాట కట్టి, జనానికి కొత్తది ఏదీ ఓ పట్టాన నచ్చదు అనేయడం తేలిక. కానీ విడదీసి చూస్తే అవి ఒకే రకం కావు. మట్టి రంగు బాలేదనడం అభిరుచి. కళ్లు తిరగడం శరీరానికి సంబంధించిన ఇబ్బంది. స్కాట్లండ్ వాళ్లు అన్నది మాత్రం పటం చేయాల్సిన పని గురించి. రేపు ఫలానా చోట వాన పడుతుందా లేదా అన్నది వాతావరణ పటం చెప్పాలి. ఆ ఫలానా చోటే కంటికి ఆననంత చిన్నదైపోతే పటం ఉండీ లేనట్టే. పెర్‌స్పెక్టివ్ (దగ్గరిది పెద్దగా, దూరానిది చిన్నగా కనబడటం) అన్న మాట కూడా వాడకుండానే ప్రేక్షకులు డిజైన్‌లోని అసలు లోపాన్ని వేలుపెట్టి చూపించారు.

వార్తా చానళ్ల గ్రాఫిక్స్ మీద, లోగోల మీద, రంగుల మీద వచ్చే అభిప్రాయాల్లో చాలా వాటి స్వభావం ఇదే. పైకి వినబడేది రంగు గురించో ఫాంట్ గురించో ఉంటుంది. లోపలి బాధ చదవలేకపోవడం గురించో, నమ్మలేకపోవడం గురించో ఉంటుంది.

అలవాటు ఎంతవరకు

సినిమా పోస్టర్‌ను దారిన పోతూ ఒకసారి చూస్తారు. వార్తల తెరను రోజుకు ఎన్నోసార్లు, ఏళ్ల తరబడి చూస్తారు. చూడటమే కాదు, వాడుకుంటారు. పొద్దున హడావిడిలో బూట్ల లేసు కట్టుకుంటూ తలెత్తి ఒక్క క్షణం చూస్తే మూలనున్న గడియారం టైమెంతో చెప్పాలి. కొత్త రూపం పేరుతో ఆ గడియారాన్ని కుడి మూల నుంచి ఎడమ మూలకు జరిపితే డిజైనర్ లెక్కలో అది చిన్న సర్దుబాటు. చూసే మనిషికి ఇంట్లో లైటు స్విచ్చు రాత్రికి రాత్రి ఇంకో గోడకు మారినంత పని. కొన్నాళ్లు చెయ్యి పాత గోడనే తడుముతుంది.

మళ్లీ మళ్లీ కనబడే వస్తువు మీద, దానికి ప్రత్యేకమైన గుణం ఏమీ లేకపోయినా, మనిషికి ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించాడు. కొత్త లోగో వచ్చిన వారం రేగిన గగ్గోలు నెల తిరిగేసరికి సద్దుమణగడానికి ఇదొక కారణం. కాస్త ఓపిక పడితే వాళ్లే అలవాటు పడతారన్న ధీమా మేనేజ్‌మెంట్లకు ఇక్కడి నుంచే వస్తుంది.

ఆ ధీమా సగమే నిజం. అలవాటు తప్పడం వల్ల పుట్టిన చిరాకు అలవాటు పడ్డాక పోతుంది. అక్షరం చిన్నదైపోవడం వల్ల పుట్టింది ఆర్నెల్లయినా పోదు. ఫిర్యాదు చేసి చేసి విసిగి, చెప్పడం మానేస్తారంతే. చానల్ ఆ మౌనాన్ని అంగీకారం కింద రాసుకుంటుంది. మొదటి వారం వచ్చిన ఫిర్యాదుల లెక్క కన్నా, మూడు నెలల తర్వాత కూడా మిగిలి ఉన్న ఫిర్యాదులు ఏమిటన్న లెక్కే పనికొచ్చేది. మొదటిది కోపం తీవ్రతను చెబుతుంది. రెండోది తప్పు ఎక్కడుందో చెబుతుంది.

ఎర్ర పట్టీ ఇచ్చే మాట

తెర మీద స్థిరంగా కనబడే ప్రతి గుర్తూ చూసేవాడికి ఒక మాట ఇస్తుంది. గడియారం ఉంటే అది సరైన టైం. మూలన లైవ్ అని ఉంటే అది ఇప్పుడే జరుగుతోంది. ఎర్ర పట్టీ మీద బ్రేకింగ్ అని పడితే, చేతిలో పని ఆపి చూడదగిన విషయం. ఈ మాటలు ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. ఏళ్లుగా చూడటం వల్ల కుదిరిన ఒప్పందాలివి. గ్రాఫిక్స్ మీద వచ్చే కోపంలో ఎక్కువ భాగం ఈ ఒప్పందాలు తప్పినప్పుడు పుట్టేదే.

బ్రేకింగ్ పట్టీనే తీసుకుంటే, నాయకుడు కారు దిగాడు, సమావేశం మొదలైంది, సమావేశం కొనసాగుతోంది, సమావేశం ముగిసింది అని నాలుగు బ్రేకింగులు వరసగా పడతాయి. లోపల ఏం తేలిందన్నది అయిదోది కావాలి. అది వచ్చేసరికి చూసేవాడి కన్ను ఎరుపును పట్టించుకోవడం మానేసి ఉంటుంది. నాన్నా పులి కథలో ఊరివాళ్లకు జరిగింది ఇదే. ఎరుపు రంగు అరిగిపోయిందని తెలిశాక చానళ్లు మామూలుగా చేసే పని ఇంకా పెద్ద అక్షరాలు, మెరుపులు, దడదడమనే శబ్దం కలపడం. దాంతో రేపు నిజంగా పెద్ద వార్త వస్తే చూపించడానికి ఇంతకు మించిన పెద్ద గుర్తు చేతిలో మిగలదు.

ఇది బయటివాళ్ల విమర్శ మాత్రమే కాదు. 2022 జూన్‌లో సీఎన్ఎన్ అధిపతిగా ఉన్న క్రిస్ లిక్ట్ తన సిబ్బందికి పంపిన మెమోలో బ్రేకింగ్ న్యూస్ పట్టీ వాడకాన్ని తగ్గించమని చెప్పాడు. ఆ పట్టీ కనబడితే నిజంగానే పెద్దది ఏదో జరుగుతోందని అర్థం కావాలన్నది ఆయన వాదన. ఇరవై నాలుగ్గంటల వార్తలకు దారి వేసిన చానలే ఆ మాట అనాల్సి వచ్చిందంటే ప్రేక్షకుల విసుగు ఎంత దూరం పోయిందో తెలుస్తుంది.

లైవ్ గుర్తు సంగతి ఇంకా సున్నితం. గంట కిందటి దృశ్యం మీద లైవ్ అన్న అక్షరాలు అలాగే వదిలేయడం, పాత ప్రమాదం తాలూకు విజువల్స్ మీద ఫైల్ (పాత దృశ్యం) అన్న మాట వేయకపోవడం న్యూస్‌రూములో చిన్న మరుపు. చూసేవాడికి అది అబద్ధం. ఒక ఘటనలో తన వాళ్లు చిక్కుకున్నారేమోనని తెరకు అతుక్కుపోయి కూర్చున్న మనిషి పొగను చూసి అది ఇప్పటి పొగే అనుకుంటాడు.

కింద పారే వార్త

స్క్రోలింగ్ మీద ఉన్నన్ని అభిప్రాయాలు తెర మీద ఇంకే అంశం మీదా ఉండవు. 2001 సెప్టెంబరు 11 ఉదయం న్యూయార్క్‌లో జంట భవనాల మీద దాడి జరిగిన రోజు, ఫాక్స్ న్యూస్, సీఎన్ఎన్, ఎంఎస్ఎన్‌బీసీ మూడూ గంటల తేడాలోనే తెర అడుగున కదిలే వార్తల వరసను మొదలుపెట్టాయి. ఆ రోజు దాని అవసరం స్పష్టం. టీవీ ఎప్పుడు పెట్టినవాళ్లకైనా అప్పటిదాకా జరిగింది వెంటనే తెలియాలి, విమానాలు ఆగాయా, ఏ దారులు మూశారు అన్న సమాచారం యాంకర్ మాటకు అడ్డం రాకుండా అందాలి. అత్యవసరం గడిచిపోయింది, స్క్రోలింగ్ మాత్రం ఉండిపోయింది. ప్రపంచంలోని వార్తా చానళ్లలో చాలా వాటికి అది ముఖకవళికలో భాగమైపోయింది. 2008 చివర్లో సీఎన్ఎన్ పారే వరసను తీసి, ఒక్కో వాక్యం నిలబడి మారే పద్ధతి పెట్టింది. కదిలే అక్షరాన్ని కన్ను వెంటాడాలి, నిలబడ్డ అక్షరాన్ని చదివేస్తుంది అన్న తేడా అందులో ఉంది.

యాంకర్ చెబుతున్నదొకటి, కింద పారుతున్నది ఇంకొకటి అయినప్పుడు బుర్రకెక్కేది ఎంత? అమెరికాలోని కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, పట్టీలూ స్క్రోలింగులూ ఉన్న తెరను చూసినవాళ్లు అవి తీసేసిన అదే వార్తను చూసినవాళ్ల కన్నా సుమారు 10 శాతం తక్కువ విషయాలు గుర్తుంచుకోగలిగారని తేలింది. తెరంతా గజిబిజిగా ఉందని మామూలు ప్రేక్షకుడు అనేమాట వెనక ఉన్నది ఈ నష్టమే. ఏమి పోయిందో అతనికి తెలియదు, ఏదో పోయిందని తెలుస్తుంది.

అలాగని నిండుగా ఉండటమే తప్పని కాదు. 1994లో మొదలైన బ్లూమ్‌బర్గ్ టెలివిజన్ తెరను గళ్లుగా విడగొట్టి, ఒక గడిలో మనిషి, మిగతా గళ్లలో షేర్ల ధరలు, సూచీలు నింపింది. ఆ చానల్ పెట్టేవాడు వచ్చిందే అంకెల కోసం, తనకు కావాల్సిన గడి ఎక్కడుందో తెలిసే చూస్తాడు. ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో శబ్దం తీసేసిన టీవీ ముందు కూర్చున్నవాళ్ల సంగతీ అంతే. వాళ్లకు పట్టీయే వార్త, పట్టీ లేకపోతే మూతి కదిలే బొమ్మలే. వినికిడి లోపం ఉన్నవాళ్లకు రోజూ ఇదే పరిస్థితి. కాబట్టి తెర మీద ఎంత ఉందన్నది అసలు ప్రశ్న కాదు. ఒకే వార్త గురించి నోరు, పట్టీ, స్క్రోలింగు ఒకదానికొకటి సాయం చేస్తున్నాయా, లేక మూడూ మూడు దిక్కులకు లాగుతున్నాయా అన్నది చూడాలి. పై పట్టీలో ఉన్న వాక్యమే కింద పట్టీలో, అదే మళ్లీ పక్క నిలువు పట్టీలో కనబడే తెరలు చాలా ఉన్నాయి. అక్కడ ఉన్నది సమాచారం కాదు, కేక.

పట్టీ కింద ఏముంది

తెర అడుగు భాగంలో మనిషి పేరు, హోదా వేసే పట్టీని అమెరికాలో కైరాన్ అంటారు, బ్రిటన్‌లో ఆస్టన్ అంటారు. రెండూ ఆ అక్షరాలు వేసే యంత్రాలు తయారు చేసిన కంపెనీల పేర్లే. తెలుగు న్యూస్‌రూముల్లోనూ ఆస్టన్ అనే మాట నడుస్తుంది. గ్రాఫిక్స్ అన్నిటిలోకీ పాతదీ, పనికొచ్చేదీ ఇదే. మాట్లాడుతున్నది ఎవరో చెప్పడం వార్త మొదటి బాధ్యత.

ఈ పట్టీ ఎత్తు పెరిగేకొద్దీ దాని కింద పడి మాయమయ్యే వాటి జాబితా పెరుగుతుంది. వరద వార్తను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. అధికారి నీటిమట్టం కొలిచే స్తంభం పక్కన నిలబడి, నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయని చెయ్యి కిందకు చూపిస్తాడు. ఆ చెయ్యి చూపించిన చోట రెండంతస్తుల పట్టీ ఉంటుంది, దాని మీద నీటిమట్టం పెరుగుతోందని రాసి ఉంటుంది. కెమెరామన్ అంత దూరం పోయి తెచ్చిన సాక్ష్యాన్ని, ఆ సాక్ష్యం గురించి రాసిన మాట కప్పేసింది. సంకేత భాషలో చెప్పే వ్యక్తి చేతులు పట్టీ వెనక సగానికి తెగిపోవడం ఇంతకన్నా బాధాకరం. ఆ చేతులే ఆ ప్రేక్షకుడికి వాక్యం. పత్రికా సమావేశంలో ప్రదర్శించిన పటంలో అడుగున రాసిన గుర్తుల వివరణ, క్రీడా ప్రసారం నుంచి తెచ్చిన దృశ్యంలో అసలు స్కోరు, అన్నీ ఆ చోటులోనే ఉంటాయి. గ్రాఫిక్స్ ఎక్కువయ్యాయని అనేవాళ్లలో ఎక్కువమంది నిజానికి అంటున్నది, చూపిస్తామన్నది చూడనివ్వడం లేదని.

పేరు పట్టీ ఎంతసేపు ఉండాలన్నదీ ఇందులో భాగమే. రెండు సెకన్లు మెరిసి పోయే పేరు, టీవీ వైపు తల తిప్పేలోపే అయిపోతుంది. మళ్లీ ఎప్పుడో పది నిమిషాలకు వేస్తారు. అప్పటిదాకా ఎవరు మాట్లాడుతున్నారో తెలియకుండానే ఆ మనిషి అభిప్రాయాన్ని విని ఉంటాం.

లిపికి తగ్గ చోటు

గ్రాఫిక్స్ నమూనాలు చాలావరకు రోమన్ అక్షరాలను మనసులో పెట్టుకుని తయారవుతాయి. వాటిలో పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలన్నీ ఒకే ఎత్తు, గీత కిందకు ఏమీ దిగదు. సన్నటి పట్టీలో చక్కగా ఇమిడిపోతాయి. అదే పట్టీలో తెలుగు పోస్తే కథ మారుతుంది. రాష్ట్రం అన్న మాటలో ట, ర రెండూ ష కిందకు చేరతాయి. స్త్రీ అన్న మాటకు కింద వత్తులు, పైన గుడి దీర్ఘం. వీటికి చోటు లేకపోతే వత్తు పట్టీ అంచుకు తెగుతుంది, లేదా తెగకుండా ఉండటానికి అక్షరం మొత్తాన్నీ చిన్నది చేస్తారు. కొత్త డిజైన్‌లో అక్షరాలు చిన్నవయ్యాయన్న ఫిర్యాదుకు కొన్నిసార్లు కారణం ఇంత మామూలు విషయం.

లావు అక్షరం ఇంకో చిక్కు. తెలుగులో ప, వ మధ్య తేడా తలకట్టు విడిగా ఉందా, అంటుకుందా అన్నంత సన్నటిది. గీత బాగా లావు చేసి, చుట్టూ తెల్లటి అంచు వేసి, వెనక మెరుపు పెడితే ఆ సందు పూడిపోతుంది. పంట నష్టం వంట నష్టంగా చదివిస్తుంది. ష, ఫ, ప ముగ్గురక్కచెల్లెళ్లదీ అదే అవస్థ. ఇది అందచందాల చర్చ కాదు. బీబీసీ తన సంస్థ అంతటికీ రీత్ అనే సొంత ఫాంటు చేయించుకుని 2019 నాటికి వార్తల తెర మీదకూ తెచ్చినప్పుడు, చిన్న తెరల మీద తేలిగ్గా చదవగలగడాన్ని ముఖ్య కారణంగా చెప్పింది. ఆ ఫాంటు చప్పగా ఉందన్నవాళ్లు లేకపోలేదు. వార్తల ఫాంటు చప్పగా ఉండటంలో తప్పేమీ లేదు. అక్షరం తన వైపు చూపు లాగకుండా మాట వైపు పంపితే చాలు.

రంగులు, శబ్దాలు

1976 అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి ఎన్‌బీసీ స్టూడియోలో దీపాల పటం పెట్టారు. డెమోక్రాట్ అయిన కార్టర్ గెలిచిన రాష్ట్రాలు ఎర్రగా, రిపబ్లికన్ ఫోర్డ్ గెలిచినవి నీలంగా వెలిగాయి. ఇప్పటి వాడుకకు అది పూర్తిగా తలకిందులు. చానల్‌కో రంగుల పద్ధతి ఉండేది. 2000 ఎన్నికల ఫలితం వారాల తరబడి తేలక, అదే పటం రోజూ తెర మీద ఉండిపోయాకే ఎరుపు రిపబ్లికన్లదిగా, నీలం డెమోక్రాట్లదిగా స్థిరపడింది. గ్రాఫిక్స్ గదిలో తీసుకున్న నిర్ణయం ఒక దేశపు రాజకీయ పరిభాష అయిపోయింది. అందుకే చానల్ పట్టీ రంగు మార్చినప్పుడు, అది ఫలానా పార్టీ రంగులా ఉందని ఎవరైనా అంటే ఆ మాటను కొట్టిపారేయకూడదు. రంగుకు అర్థం ఇచ్చేది చానల్ ఒక్కటే కాదు.

ఉత్తర ఐరోపా మూలాలున్న పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. పెరిగింది పచ్చ, తగ్గింది ఎరుపు అని రంగుతో మాత్రమే చెప్పే పట్టిక వాళ్లకు మూగది. పక్కన ఒక బాణం గుర్తు వేస్తే సరిపోతుంది.

లోగో, సంగీతం విషయంలో ప్రేక్షకుల పట్టుదల వేరే రకం. సీఎన్ఎన్ 1980లో ప్రసారం మొదలుపెట్టినప్పటి అక్షరాల లోగో రూపం ఈనాటికీ దాదాపు అదే. చుట్టూ పట్టీలు, రంగులు, సెట్లు ఎన్నిసార్లు మారినా ఆ మూడక్షరాలు కదలలేదు. బీబీసీ వార్తలకు 1999లో డేవిడ్ లో కట్టిన సంగీతం రేడియో కాలపు టైం బీప్‌ల మీద అల్లింది. తర్వాత తెర రూపం ఎన్నో మార్లు మారినా ఆ బీప్‌లు వినబడుతూనే ఉన్నాయి. పక్కగదిలో ఉన్నా వార్తలు మొదలవుతున్నాయని తెలిసేది దాంతోనే. ఒక గుర్తును నిలబెట్టి మిగతావి మారిస్తే ప్రేక్షకుడు తొందరగా కుదురుకుంటాడు. లోగో, రంగు, సంగీతం, పట్టీ చోటు అన్నీ ఒకే రోజు మార్చేస్తే, తను చూస్తున్నది తన చానలేనా అన్న సందేహం వస్తుంది. ఆ సందేహంలోంచే పాతదే బాగుందన్న మాట వస్తుంది.

ఫిర్యాదు ఎవరికి చేరాలి

కొత్త రూపాన్ని తయారు చేసేవాళ్లు దాన్ని మంచి మానిటర్ మీద, చేతికందే దూరం నుంచి, చీకటి గదిలో చూసి ఆమోదిస్తారు. అది చేరే ఇంట్లో టీవీ గదికి అవతలి గోడన ఉంటుంది, కిటికీ వెలుతురు తెర మీద పడుతుంది, పక్కన ఎవరో మాట్లాడుతుంటారు. ఇంకొకరు దాన్నే అరచేతిలో ఫోనులో చూస్తారు. ఈ రెండు చోట్లా శబ్దం తీసేసి, రంగులు తీసేసి ఒక బులెటిన్ మొత్తం చూస్తే వచ్చే ఫిర్యాదుల్లో సగం ప్రసారానికి ముందే తెలిసిపోతాయి.

మిగతా సగం ప్రసారమయ్యాకే వస్తాయి, వచ్చినవి తప్పు మనిషి దగ్గరికి చేరతాయి. పేరు సగమే కనబడిందని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ కబురు షిఫ్టులో ఉన్న గ్రాఫిక్స్ ఆపరేటర్‌కు వెళుతుంది. పట్టీ ఎత్తు, అక్షరం సైజు, ఎన్ని సెకన్లు నిలబడాలన్నది మాత్రం అతని చేతిలో లేదు. అవన్నీ టెంప్లేట్‌లో, అంటే ముందే తయారు చేసి పెట్టిన పట్టీ నమూనాలో, బిగించి ఉంటాయి. ఆ టెంప్లేట్ చేసిన బయటి డిజైన్ సంస్థ ఒప్పందం ముగించుకుని ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. పొడవాటి పేరు, పొడవాటి హోదా ఉన్న మనిషి తెర మీదకు వచ్చేసరికి, రెండో వరసకు చోటు లేని ఆ పట్టీలో ఆపరేటర్ పేరును నొక్కి ఇరికిస్తాడు, లేదా హోదా తీసేస్తాడు. మర్నాడు అదే ఫోన్ మళ్లీ అతనికే వస్తుంది.